‘గుర్తింపు’ ఉన్న పార్టీ, లేని పార్టీ: ఆళ్లగడ్డ సీటు చెప్పే లెక్క

2014 మే 7న కర్నూలు జిల్లా ఆళ్లగడ్డలో ఓటేసిన వాళ్లకు ఈ సంగతి గుర్తుండే ఉంటుంది. మెషీన్ మీద భూమా శోభా నాగిరెడ్డి పేరు ఉంది, పక్కన ఫ్యాను గుర్తు ఉంది, మనిషి మాత్రం లేరు. పోలింగ్‌కు రెండు వారాల ముందు, ఏప్రిల్ 24న, రోడ్డు ప్రమాదంలో గాయపడి ఆమె పోయారు. అభ్యర్థి చనిపోతే ఎన్నిక వాయిదా పడుతుందని ఊళ్లో అందరూ అనుకున్నారు, చిన్నప్పటి నుంచి అట్లే విన్నాం కదా. వాయిదా పడలేదు. ఆమె పేరు తీయలేదు, ఆమెకు పడే ఓట్లు చెల్లుతాయన్నారు, చివరికి ఆమే గెలిచారు. గెలిచిన తర్వాత సీటు ఖాళీ అని చెప్పి మళ్లీ ఉప ఎన్నిక పెడితే ఆమె కూతురు అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎమ్మెల్యే అయ్యారు.

ఎందుకిట్లా జరిగిందంటే, ప్రజాప్రాతినిధ్య చట్టం 52వ సెక్షన్ ప్రకారం ‘గుర్తింపు పొందిన పార్టీ’ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేస్తారు. వైఎస్సార్ కాంగ్రెస్ అప్పటికి రిజిస్టరైన పార్టీ మాత్రమే, గుర్తింపు పొందిన పార్టీ కాదు. 2011లో కడప లోక్‌సభ ఉప ఎన్నికలో 5.45 లక్షల మెజారిటీతో గెలిచిన పార్టీ అది, 2012లో 18 అసెంబ్లీ ఉప ఎన్నికలు జరిగితే 15 కొట్టింది, అయినా గుర్తింపు లేదు, ఎందుకంటే గుర్తింపు లెక్కకు సాధారణ ఎన్నికల్లో వచ్చిన ఓట్లు, సీట్లే చూస్తారు.

కడపలో పిల్లోడిని అడిగినా ఫ్యాను గుర్తు ఎవరిదో చెప్పే రోజుల్లో, ఈ విషయంలో చట్టం కళ్లకు మాత్రం ఆ పార్టీ అభ్యర్థి, ఇండిపెండెంటు ఒకటే.

ఇదేదో సాంకేతిక విషయంలే అని వదిలేయొద్దు. మన ఎన్నికల్లో పార్టీలకు ఎంత అధికారముందో, దానికి వాళ్లు ఎవరికి జవాబు చెబుతారో, మూడో మనిషి ఎందుకు నిలదొక్కుకోలేడో ఈ గుర్తింపు అనే ఒక్క మాట పట్టుకుని లాగితే చాలావరకు బయటికొస్తుంది. నాకు అర్థమైనంత వరకు చెబుతా. పార్టీ పేర్లు వస్తాయి, అన్ని పార్టీలవీ వస్తాయి, కాబట్టి నువ్వు ఏ పార్టీ అని అడగొద్దు.

మొదట ఒక వింత. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు అందులో రాజకీయ పార్టీల ప్రస్తావనే లేదు. ఓటరు ఉన్నాడు, అభ్యర్థి ఉన్నాడు, సభ్యుడు ఉన్నాడు, పార్టీ లేదు. పార్టీ రాజ్యాంగంలోకి అడుగుపెట్టింది 1985లో, 52వ సవరణతో, పదో షెడ్యూల్ రూపంలో, అంటే మనం ఫిరాయింపుల చట్టం అంటామే అది. పార్టీ చెప్పినట్టు సభలో ఓటేయకపోతే సభ్యత్వం పోతుందని చెప్పే చట్టం. పార్టీ లోపల ఎన్నికలు ఎట్లా జరగాలి, అభ్యర్థిని ఎవరు ఎంపిక చేయాలి, డబ్బు లెక్క ఎవరికి చూపాలి, వీటి గురించి రాజ్యాంగంలో ఒక్క ముక్క రాలేదు. ఎద్దుకు పలుపుతాడు వేసే హక్కు మాత్రం ఇచ్చారు, ఆ తాడు పట్టుకున్నోడు ఎవరి మనిషో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు బీ ఫారం దగ్గరికి వద్దాం. మనకు ‘టికెట్’ అంటే టీవీలో చదివే లిస్టు. చట్టానికి ఆ లిస్టుతో పనిలేదు. దానికి కావాల్సినవి రెండు కాగితాలు. ఏ ఫారంలో, మా పార్టీ తరఫున అభ్యర్థుల పేర్లు చెప్పే అధికారం ఫలానా మనిషిదని రాసిస్తారు. బీ ఫారంలో ఆ మనిషి, ఈ నియోజకవర్గంలో మా అభ్యర్థి ఇతనే అని సిరా సంతకం చేసి ఇస్తాడు. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అది రిటర్నింగ్ ఆఫీసర్ చేతికి చేరాలి. ముందు ఒకరికి ఇచ్చి తర్వాత దాన్ని రద్దు చేసి ఇంకొకరికి ఇవ్వొచ్చు. అందుకే నామినేషన్ల ఆఖరి రోజు ఏ ఆర్డీఓ ఆఫీసు ముందు చూసినా అంత టెన్షన్. ఆ సంతకం పెట్టే మనిషి నియోజకవర్గంలో పార్టీ సభ్యులను అడగాలా, ఓటు పెట్టాలా, కనీసం కారణం చెప్పాలా? ఏదీ అక్కర్లేదు.

2024లో మడకశిర చూడండి. తెలుగుదేశం మొదట ఒకరి పేరు ప్రకటించింది, తర్వాత మార్చి ఎం.ఎస్. రాజుకు ఇచ్చింది. ఆయన 351 ఓట్ల తేడాతో గెలిచారు. అదే ఎన్నికల ముందు వైఎస్సార్ కాంగ్రెస్ పదుల సంఖ్యలో సిట్టింగ్ ఎమ్మెల్యేలను తప్పించింది, కొందరిని ఒక నియోజకవర్గం నుంచి ఇంకో నియోజకవర్గానికి మార్చింది, తహసీల్దార్లను బదిలీ చేసినట్టు. ఈ మార్పులు మంచివా చెడ్డవా అన్నది వేరే సంగతి. మన జిల్లాల్లో ఓటరు చేతికి చివరికి వచ్చేది రెండు పేర్లే అనుకుంటే, ఆ రెండు పేర్లు ఏవో తేల్చే పని ఓటరుది కాదు, పార్టీ సభ్యుడిది కూడా కాదు. అసలు ఎన్నిక అక్కడే సగం అయిపోతోంది.

మరి ఆ సంతకం పెట్టే మనిషిని ఎవరు ఎన్నుకున్నారు? వైఎస్సార్ కాంగ్రెస్ 2022 జులై ప్లీనరీలో జగన్‌ను శాశ్వత అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్టు వార్తలొచ్చాయి. శాశ్వత పదవి అనేది ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబరులో అభ్యంతరం చెప్పింది. తెలుగుదేశంలో శాశ్వతం అనే మాట లేదు, పద్ధతి ప్రకారం ఎన్నిక జరుగుతుంది, 2025 మేలో కడప మహానాడులోనూ జరిగింది, 1995 నుంచి ఫలితం మాత్రం ఒక్కటే. చంద్రబాబు మీద ఇంకొకరు పోటీకి నిలబడతారని మీరు ఊహించగలరా? రెండింటికీ ఉన్న తేడా కాగితం మీద తేడా. ఎన్నికల సంఘం కూడా ఒక లేఖ రాయగలదు, వివరణ అడగగలదు, అంతకు మించి పెద్దగా చేయలేదు. ఒకసారి రిజిస్టరైన పార్టీని, మోసం చేసి రిజిస్ట్రేషన్ తెచ్చుకుందన్నలాంటి కొద్ది సందర్భాల్లో తప్ప రద్దు చేసే అధికారం సంఘానికి లేదని 2002లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇంకో పదవి గురించి చెప్పకపోతే మన దగ్గర ఈ కథ పూర్తి కాదు. నియోజకవర్గ ఇన్‌ఛార్జి. ఏ చట్టంలోనూ ఈ పేరు లేదు. ఎన్నిక లేదు, జీతం లేదు, ప్రమాణ స్వీకారం లేదు. అధికార పార్టీ ఓడిపోయిన సీట్లో కూడా ఇన్‌ఛార్జి ఉంటాడు. ఊళ్లో ఎవరికైనా ఇల్లు కావాలన్నా, ఎస్‌ఐ బదిలీ కావాలన్నా, రేషన్ డీలరును మార్చాలన్నా గెలిచిన ఎమ్మెల్యే ఇంటి ముందు కంటే ఇన్‌ఛార్జి ఇంటి ముందే ఎక్కువ చెప్పులు కనిపిస్తాయి. జనం ఓడించిన మనిషిని పార్టీ ఒక కాగితంతో మళ్లీ కుర్చీలో కూర్చోబెడుతుంది. ప్రభుత్వం మారితే ఆ చెప్పులు ఇంకో ఇంటి ముందుకు పోతాయి. ఏ పార్టీ వచ్చినా ఇదే వరస, దీన్ని తప్పు అనేవాళ్లు కూడా తక్కువే, అంతగా అలవాటైపోయింది.

సమాచార హక్కు సంగతి చిన్నగా చెప్పేస్తా. 2013 జూన్ 3న కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని తీర్పిచ్చింది. కాంగ్రెస్, బీజేపీ, సీపీఐ, సీపీఎం, ఎన్సీపీ, బీఎస్పీ. సమావేశాల్లో ఒకరి ముఖం ఒకరు చూడని పార్టీలు ఈ విషయంలో ఎంత ఒక్కమాట మీద ఉన్నాయంటే, ఒక్కటి కూడా ఆ తీర్పు అమలు చేయలేదు. 2015లో కమిషనే, మా ఆదేశం చెల్లుతుంది గానీ అమలు చేయించే దారి మాకు లేదని చేతులెత్తేసింది. గ్రామ సచివాలయంలో ఒక కాగితం కోసం మనం అర్జీ పెట్టుకోవచ్చు. ఆ సచివాలయాన్ని నడిపే ప్రభుత్వాన్ని నడిపే పార్టీని మాత్రం అడగలేం.

డబ్బు దగ్గర కూడా అంతే. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు మన రాష్ట్రంలో 40 లక్షల పరిమితి ఉంది, లోక్‌సభకు 95 లక్షలు. పార్టీ ఖర్చుకు పరిమితి లేదు. స్టార్ క్యాంపెయినర్ హెలికాప్టర్‌లో వచ్చి దిగితే ఆ ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది స్టార్ క్యాంపెయినర్లు, గుర్తింపు లేని పార్టీకి 20 మంది, ఇండిపెండెంటుకు సున్నా. మళ్లీ అదే మాట చూడండి, గుర్తింపు. 1974లో సుప్రీంకోర్టు పార్టీ పెట్టే ఖర్చును కూడా అభ్యర్థి లెక్కలోనే చూడాలంటే, పార్లమెంటు అదే ఏడాది చట్టం మార్చి ఆ తీర్పును పక్కన పెట్టేసింది.

పార్టీలకు విరాళాలిచ్చే ఎలక్టోరల్ బాండ్లలోనూ ఈ వాసన ఉంది. దాత పేరు దాచిపెడుతున్నారని అందరం మాట్లాడుకున్నాం, అందుకే 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. ఎక్కువమంది పట్టించుకోని నిబంధన ఇంకోటుంది. గత ఎన్నికల్లో కనీసం 1 శాతం ఓట్లు వచ్చిన పార్టీలకే బాండ్లు తీసుకునే అర్హత. అంటే కొత్త పార్టీకి ఆ తలుపే లేదు. 2019 ఏప్రిల్ నుంచి 2024 మొదటి దాకా మన రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్ 337 కోట్లు, తెలుగుదేశం దాదాపు 219 కోట్లు, జనసేన 21 కోట్లు బాండ్ల ద్వారా తీసుకున్నాయి. ఈ అంకెల పక్కన 40 లక్షల పరిమితి పెట్టి చూస్తే నవ్వొస్తుంది.

మళ్లీ ఆళ్లగడ్డకు పోదాం, ఎందుకంటే ఫిరాయింపుల చట్టం ఎట్లా పనిచేస్తుందో ఆ ఒక్క సీటు చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు. 2009లో శోభా నాగిరెడ్డి అక్కడ ప్రజారాజ్యం తరఫున గెలిచారు. 2011లో ప్రజారాజ్యం కాంగ్రెస్‌లో కలిసిపోయింది, ఆ ఓట్లేసిన వాళ్లను ఎవరూ అడగలేదు, అడగాలని చట్టం చెప్పదు. సభ్యుల్లో మూడింట రెండొంతులు ఒప్పుకుంటే పార్టీ మొత్తంగా మారిపోవచ్చు, ఒక్కడు మారితేనే తప్పు. ఆమె మాత్రం ఆ ఏడాది డిసెంబరులో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాసానికి మద్దతుగా ఓటేశారు. విప్, అంటే సభలో ఎట్లా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం, ధిక్కరించారని 2012లో అనర్హత వేటు పడింది, ఉప ఎన్నిక వచ్చింది, వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున మళ్లీ గెలిచారు. సరే, చట్టం పనిచేసింది అనుకుందాం.

ఇక నాలుగేళ్లు ముందుకు రండి. 2016 ఫిబ్రవరిలో అదే ఆళ్లగడ్డ ఎమ్మెల్యే అఖిలప్రియ, నంద్యాల ఎమ్మెల్యేగా ఉన్న తండ్రి నాగిరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి తెలుగుదేశంలోకి వెళ్లారు. మొత్తం 23 మంది అట్లా వెళ్లారు. వాళ్లలో నలుగురు 2017 ఏప్రిల్‌లో మంత్రులయ్యారు, అందులో ఆళ్లగడ్డ ఉంది, జమ్మలమడుగు ఉంది. ఒక్కరి మీద కూడా వేటు పడలేదు. ఒకే సీటు, ఒకే కుటుంబం, ఒకే చట్టం. తల్లికి పడ్డ వేటు కూతురికి పడలేదు. తేడా ఎక్కడుందంటే తల్లి ఓటేసింది ప్రభుత్వానికి వ్యతిరేకంగా, కూతురు చేరింది ప్రభుత్వంలో, తీర్పు చెప్పాల్సిన స్పీకరు ఎప్పుడూ అధికార పార్టీ మనిషే. తర్వాతి సభలో కూడా ఇదే ఇంకో రకంగా నడిచింది. అటు నలుగురు ఇటు నలుగురు, ఎనిమిది మంది మీద అనర్హత 2024 ఫిబ్రవరి ఆఖర్లో వేశారు, ఎన్నికల షెడ్యూలు మూడు వారాల్లో వస్తుందనగా. ఇట్లాంటి పిటిషన్లు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2020లోనే చెప్పింది.

ఇంతవరకు ఉన్న పార్టీల బలం గురించి. కొత్తోడు లోపలికి రావాలంటే ఏం జరుగుతుందో మా మేనమామ కథతో చెబుతా. రిటైరైన టీచరు. 2024లో మా వైపు ఒక నియోజకవర్గంలో, పేరు చెప్పనులెండి, తాగునీళ్ల విషయంలో రెండు పార్టీలూ మాట తప్పాయని కోపమొచ్చి ఇండిపెండెంటుగా దిగాడు. ఇంట్లో అందరం వద్దన్నాం. “ఓడిపోయేది నాకు తెలీదా అబ్బీ, ఒక్కసారి నిలబడి అడగాల” అన్నాడు.

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి నామినేషన్‌కు ఒక్క ప్రతిపాదకుడి సంతకం చాలు. మామకు పది కావాలి, పదిమందీ ఆ నియోజకవర్గ ఓటర్లే అయ్యుండాలి. పది సంతకాలేం పెద్ద విషయమని మీకనిపించొచ్చు. మన పల్లెల్లో సంతకమంటే ఊళ్లో పక్షం చెప్పుకున్నట్టే. సంతకం చేస్తామన్న వాళ్లలో ఇద్దరు మర్నాటికి ఫోన్ ఎత్తలేదు. ఎవరో వాళ్లతో మాట్లాడారు, అంతే. మామ తన పాత విద్యార్థులను పట్టుకుని లెక్క పూర్తి చేశాడు. డిపాజిట్ 10 వేలు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ఆ డబ్బు పోతుంది.

ఆ తర్వాత గుర్తు. సైకిలు, ఫ్యాను, కమలం, చెయ్యి, వీళ్ల గుర్తులు ఏళ్ల తరబడి గోడల మీద ఉన్నాయి. ఇండిపెండెంటుకు గుర్తు వచ్చేది నామినేషన్ల ఉపసంహరణ ముగిశాక. 2024లో మనకు ఆ రోజు ఏప్రిల్ 29. పోలింగ్ మే 13, ప్రచారం అంతకు 48 గంటల ముందే ఆగిపోవాలి. అంటే చేతిలో ఉన్నది 12 రోజులు. కరపత్రం అచ్చేయించడానికి రెండు రోజులు తీసేయండి. పదిరోజుల్లో, అదీ మే నెల కర్నూలు ఎండలో, రెండు లక్షల పైచిలుకు ఓటర్లకు ఒక కొత్త బొమ్మ చూపించాలి. మామకు ప్రెషర్ కుక్కర్ వచ్చింది. “కుక్కర్ గుర్తుకే ఓటేయండమ్మా” అంటే, “కుక్కర్లు పంచుతాండారా సార్?” అని అడిగారంట రెండు మూడు వీధుల్లో. పాపం వాళ్ల తప్పేముంది, పంచే వాళ్లనే కదా చూశారు ఇన్నేళ్లు.

మెషీన్ మీద పేర్ల వరస కూడా ఊరికే అక్షరక్రమం అనుకోవద్దు. ముందు గుర్తింపు పొందిన పార్టీల అభ్యర్థులు, తర్వాత రిజిస్టరైన పార్టీల వాళ్లు, ఆ తర్వాత ఇండిపెండెంట్లు, ఏ గుంపుకు ఆ గుంపు అక్షరక్రమం. ఓటర్ల జాబితా ప్రతులు గుర్తింపు పార్టీల అభ్యర్థులకు ఉచితం, మామ డబ్బు కట్టి తెచ్చుకున్నాడు. దూరదర్శన్, ఆకాశవాణిలో ఉచిత సమయం గుర్తింపు పార్టీలకే.

ఇవన్నీ ఒక ఎత్తు, బూత్ ఏజెంట్లు ఒక ఎత్తు. నియోజకవర్గంలో రెండొందల యాభైకి పైగా పోలింగ్ కేంద్రాలుంటాయి. ఒక్కోదాంట్లో పొద్దున మాక్ పోల్ నుంచి సాయంత్రం మెషీన్ సీలు వేసే దాకా కూర్చునే మనిషి కావాలి. దొంగ ఓటు వస్తే అభ్యంతరం చెప్పాల్సింది అతనే. మనది మామూలు నేల కాదు. ఒకప్పుడు ఏజెంటుగా కూర్చున్నందుకు తలలు పగిలిన ఊళ్లున్నాయి మన జిల్లాల్లో. ఇప్పుడు కాలం చాలా మారింది, మారలేదంటే అబద్ధమవుతుంది, అయినా ఏజెంటుగా కూర్చోవడమంటే ఐదేళ్లు ఎవరి మనిషివో ఊరికంతా చెప్పినట్టే. పెద్ద పార్టీ ఏజెంటుకు వెనక పార్టీ ఉంటుంది, కేసు పడితే లాయరు ఉంటాడు, గెలిస్తే పని ఉంటుంది. కుక్కర్ గుర్తు ఏజెంటుకు మా మామ ఉన్నాడు, ఆయనకు మోకాళ్ల నొప్పులు. పంతొమ్మిది బూతుల్లో మాత్రం మనుషులు కూర్చున్నారు.

పార్టీ పెడితే పరిస్థితి మెరుగవుతుందా అంటే, కొంచెం. రాష్ట్ర పార్టీగా గుర్తింపు రావడానికి చాలా దారులున్నాయి, ముఖ్యమైనవి ఇవి: అసెంబ్లీ ఎన్నికల్లో 6 శాతం ఓట్లతో పాటు రెండు సీట్లు, లేదా సీట్లు ఎన్ని వచ్చినా రాకపోయినా 8 శాతం ఓట్లు. జనసేనకు 2019లో ఐదున్నర శాతం దాకా ఓట్లు, ఒకే సీటు వచ్చాయి, గుర్తింపు రాలేదు. ఫలితం 2024లో కనిపించింది. గాజు గ్లాసు ఉచిత గుర్తుల జాబితాలో ఉండటంతో, జనసేన పోటీలో లేని కొన్నిచోట్ల అది ఇండిపెండెంట్లకు పోయింది. పొత్తులో ఉన్న సైకిలుకు పడాల్సిన ఓట్లు ఈ గ్లాసుకు పడతాయేమోనని కంగారుపడి హైకోర్టు దాకా పోయారు. అంత పెద్ద సినిమా హీరో పార్టీకే ఈ తిప్పలుంటే మామూలోళ్ల సంగతి చెప్పాలా. పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ, 2 లోక్‌సభ సీట్లూ గెలిచాక 2025 జనవరిలో ఆ గ్లాసు వాళ్ల సొంతమైంది, అదీ పెద్ద పార్టీ పొత్తులో నిలబడి గెలిచిన సీట్లతో.

నిబంధనలన్నీ తీసేసినా ఇంకో గోడ మిగులుతుంది, అది లెక్కల గోడ. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువొచ్చినోడే గెలుస్తాడు, మిగతా ఓట్లకు విలువ లేదు. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లొస్తే 175లో 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు అదే 39 శాతం వస్తే 11 సీట్లు. పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీకి ప్రతిపక్ష హోదాకు సరిపడా సీట్లు రాలేదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో 2019లో 14కి 14 ఫ్యానుకే పోయాయి. ఉమ్మడి అనంతపురంలో 2024లో 14కి 14 కూటమికి పోయాయి. ఇంకా వెనక్కిపోతే, 1977లో ఆంధ్రప్రదేశ్ 42 లోక్‌సభ సీట్లలో 41 కాంగ్రెస్‌వి, మిగిలిన ఆ ఒక్కటి మన నంద్యాల, జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి.

రెండో పార్టీకే ఈ గతి పడితే మూడో పార్టీని ఊహించుకోండి. ప్రజారాజ్యానికి 2009లో 16 శాతానికి పైగా ఓట్లొచ్చాయి. ఓట్ల వాటా ప్రకారం పంచితే 294లో 47 దాకా రావాలి, వచ్చింది 18, అందులో మన జిల్లా నుంచి ఆళ్లగడ్డ, బనగానపల్లె. లోక్‌సభకు ఒక్కటీ లేదు. లక్షల ఓట్లున్నాయి, సీట్లు లేవు, అధికారం లేదు, ఖర్చు మాత్రం ఉంది, రెండేళ్లకు అమ్మేసిన దుకాణంలా కలిసిపోయింది. “ఓటు మురిగిపోతుంది” అని మన పెద్దోళ్లు అనేది ఈ లెక్కనే. పక్కింటాయనకు మూడో మనిషే నచ్చొచ్చు, నాకూ నచ్చొచ్చు, కానీ నచ్చనోడు గెలుస్తాడేమోనన్న భయంతో ఇద్దరం రెండో వాడికేసి వస్తాం. ఇద్దరి మనసులో మాటా బయటికి రాదు.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో 1992 అధ్యక్ష ఎన్నికలో ఇండిపెండెంటు రాస్ పెరో దాదాపు 19 శాతం ఓట్లు తెచ్చుకుంటే 538 ఎలక్టోరల్ ఓట్లలో ఒక్కటి కూడా రాలేదు. అక్కడ అధ్యక్ష అభ్యర్థుల టీవీ చర్చలు ఏళ్ల తరబడి నడిపిన కమిషన్‌ను 1987లో పెట్టుకుంది డెమోక్రటిక్, రిపబ్లికన్ పార్టీలే, తర్వాత సర్వేల్లో 15 శాతం ఉంటేనే వేదిక ఎక్కనిస్తామన్నారు. వేదిక ఎక్కకుండా 15 శాతం ఎట్లా వస్తుందో వాళ్లే చెప్పాలి. జర్మనీ దారి వేరు. ఓట్ల వాటా ప్రకారం సీట్లు, 5 శాతం దాటితే సభలో చోటు. పార్టీ లోపల ప్రజాస్వామ్యం ఉండాలని, డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో బహిరంగంగా చెప్పాలని వాళ్ల రాజ్యాంగం 21వ అధికరణంలోనే రాసుకున్నారు. మన లా కమిషన్ కూడా 1999లో ఇచ్చిన 170వ నివేదికలో పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యానికి చట్టం కావాలంది, కొన్ని సీట్లు ఓట్ల వాటా ప్రకారం నింపాలంది. చట్టం చేయాల్సింది పార్లమెంటు, పార్లమెంటు నిండా విప్ మెడలో వేసుకున్న వాళ్లే, విప్ ఇచ్చేది పార్టీ. ఆ నివేదిక ఎందుకు కదల్లేదో ఇంకా చెప్పనక్కర్లేదు.

రెండో వైపు కూడా చెప్పాలి, లేకుంటే న్యాయం కాదు. 1996లో నల్గొండ లోక్‌సభకు 480 మంది పోటీ చేశారు, ఫ్లోరైడ్ నీళ్ల గోస ఢిల్లీకి వినిపించాలని. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. ఆ తర్వాత లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెరిగింది, ఇప్పుడు 25 వేలు. అంతమందితో ఎన్నిక నడపడం కష్టమే, ఒప్పుకుంటా. అట్లాగే పేరుకు పార్టీ పెట్టి ఎన్నికల ముఖం చూడకుండా ఆదాయపు పన్ను మినహాయింపు కోసం వాడుకునే వాళ్లున్నారు. ఆరేళ్లుగా ఎక్కడా పోటీ చేయలేదని 2025 ఆగస్టులో 334, సెప్టెంబరులో ఇంకో 474 పార్టీలను ఎన్నికల సంఘం జాబితా నుంచి తీసేసింది. పిచ్చిమొక్కలు పీకాల్సిందే. నా బాధల్లా నారుకూ కలుపుకూ తేడా చూసే పద్ధతి ఏదీ లేకుండా, ముందే పెరిగిన చెట్టుకే నీళ్లన్నీ పోవడం గురించి.

అడ్డంకులన్నీ దాటి వచ్చినోళ్లు లేరా అంటే ఉన్నారు. 1952లో అనంతపురంలో కమ్యూనిస్టు తరిమెల నాగిరెడ్డి, అప్పటికే పెద్ద కాంగ్రెస్ నాయకుడైన సొంత బావ సంజీవరెడ్డిని ఓడించాడు. 1983లో ఎన్టీఆర్ పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే అధికారంలోకి వచ్చాడు. జగన్ వచ్చాడు. కానీ తర్వాతి ఇద్దరిలో ఒకరికి ముప్పై ఏళ్ల సినిమా ఉంది, ఇంకొకరికి ముఖ్యమంత్రి అయిన తండ్రి ఉన్నాడు. వాళ్లు తలుపు తీయలేదు, గోడ దూకేంత ఎత్తు ముందే ఉన్నవాళ్లు. సీమ పేరుతో పార్టీ పెట్టిన బైరెడ్డి రాజశేఖర్‌రెడ్డికి ఆ ఎత్తు సరిపోలేదు. ఆయన రాయలసీమ పరిరక్షణ సమితి నిలబడలేదు. 2024లో ఆయన కూతురు శబరి తెలుగుదేశం టికెట్ మీద నంద్యాల ఎంపీ అయ్యారు.

మా మామకు ఆరు వందల చిల్లర ఓట్లొచ్చాయి. డిపాజిట్ పోయింది. ఖర్చుల లెక్క మాత్రం నెలలోపు అణాపైసలతో సహా ఇచ్చాడు, లెక్కల మాస్టారు మరి. మొన్న పండక్కి పోతే కొత్త విషయం చెప్పాడు. ఆ ఆరు వందల ఓట్లు ఏయే ఊళ్లలో, ఏయే బూతుల్లో పడ్డాయో తెలుసుకుని రెండు పార్టీల ఇన్‌ఛార్జిలూ ఆయనకు ఫోన్ చేస్తున్నారంట, ఒకసారి వచ్చి కండువా కప్పించుకోమని.

“ఏమన్నావు మామా?” అన్నా.

“నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగినా. లైన్ కట్ అయింది” అన్నాడు.